పరుగుకు ముందు వచ్చిన జ్వరం: విశ్రాంతిపై వైద్యశాస్త్రం మార్చుకున్న అభిప్రాయాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో తెల్లవారుజామున ఏ కళాశాల మైదానానికి వెళ్ళినా మీకు రెండు రకాల జనం కనిపిస్తారు. చక్కెరవ్యాధిని, రక్తపుపోటును అదుపులో ఉంచుకొనడానికి నడిచే మధ్యవయస్కులు ఒక రకం. చేతిగడియారమో, చరవాణియో చూసుకుంటూ చెమటలు కక్కుతూ పరుగెత్తే ఇరవై ఏళ్ళ యువతీయువకులు రెండవ రకం. ఈ రెండవ రకం వారికి పరుగు వినోదం కాదు, బ్రతుకుతెరువు. పోలీసు కానిస్టేబులు, సబ్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు, సైనిక నియామకాలకు వారు సిద్ధమవుతూ ఉంటారు. 2022 సంవత్సరపు తెలంగాణ పోలీసు నియామకాలలో పురుషులు 1600 మీటర్లు 7 నిముషాల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లు 5 నిముషాల 20 సెకన్లలోను పూర్తి చేయాలి. ఒక్క సెకను దాటినా అంతవరకు చదివిన చదువు, నెలల తరబడి పడిన శ్రమ ఆ రోజుకు వృథా అయినట్లే.

ఆ పరీక్షలు 2022 డిసెంబరులో మొదలయ్యాయి. అంటే తుది సాధన అంతా వానలు వెనుకబట్టే ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో సాగాలి. మన ప్రాంతంలో డెంగీ, టైఫాయిడ్, మలేరియా, పేరు తెలియని విషజ్వరాలు ముమ్మరించేది కూడ ఆ నెలలలోనే. పరుగుకు తేదీ ఉంటుంది, జ్వరానికి తేదీలతో పని లేదు. పరుగుకు మూడు వారాల ముందు జ్వరం వచ్చి పది రోజులు మంచానపడిన యువకుడు వైద్యుని రెండు ప్రశ్నలు అడుగుతాడు: “ఇన్నాళ్ళ సాధన పోయినట్లేనా? ఎన్నటి నుండి మళ్ళీ పరుగెత్తవచ్చు?” ఈ ప్రశ్నలకు వైద్యులు వేర్వేరు కాలాలలో వేర్వేరు సమాధానాలు ఇచ్చారు. కొన్ని సమాధానాలు పూర్తిగా తలక్రిందులయ్యాయి. ఆ చరిత్ర తెలిస్తే నేటి సలహాల వెనుక ఉన్న కారణాలు మీకు సులభంగా బోధపడతాయి.

మన ప్రాచీనులతో మొదలు పెడదాం. చరకసంహిత చికిత్సాస్థానంలోని జ్వరాధ్యాయం కొత్తగా వచ్చిన జ్వరంలో వ్యాయామాన్ని నిషేధించింది. అంతటితో ఆగలేదు. జ్వరం విడిచినవాడు కూడ బలం చేకూరేవరకు వ్యాయామం, స్నానం, అటూ ఇటూ తిరగడం మానాలని చెప్పింది. గమనించండి, అక్కడ ఇన్ని రోజులని లెక్క లేదు. బలం చేకూరడమే కొలత. ఉష్ణమాపకం లేని కాలంలో చెప్పిన మాట అయినా, జ్వరం తగ్గడం వేరు, కోలుకొనడం వేరు అనే తేడాను ఆ గ్రంథం స్పష్టంగా పట్టుకుంది. స్నానం విషయంలో నేటి వైద్యులు దానితో ఏకీభవించరు, అది వేరే సంగతి.

ఆ ఆచారమే మన ఇళ్ళలో లంఖణం, పథ్యం అనే మాటలుగా నిలిచింది. టైఫాయిడ్‌ను మన పెద్దలు సన్నిపాతజ్వరం అనేవారు. 1948లో క్లోరాంఫెనికాల్ వాడుకలోకి వచ్చేదాకా దానికి తగిన మందే లేదు. మూడు నాలుగు వారాలు జ్వరం కాసి, తగ్గిన తరువాత కొందరికి తిరగబెట్టేది. మూడవ వారంలో ప్రేవులకు రంధ్రం పడే ప్రమాదం కూడ ఉండేది. అందువలన రోగిని మంచం దిగనిచ్చేవారు కాదు. పథ్యం పెట్టే రోజు ఇంటిల్లిపాదికి పండుగ. ఆ జాగ్రత్తలో అతి ఉండేది, కాదనను. రోజుల తరబడి జావనీళ్ళపై ఉంచడం వలన కండ కరిగిపోయేది. కాని తిరగబెడుతుందనే భయం మాత్రం అర్థం లేని భయం కాదు.

ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దం విశ్రాంతికి పట్టాభిషేకం చేసింది. లండనులోని శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ 1863లో విశ్రాంతిని, నొప్పిని గూర్చి ప్రచురించిన ఉపన్యాసాలు తరతరాల వైద్య విద్యార్థులకు పాఠ్యాలయ్యాయి. విరిగిన ఎముకకు, వాచిన కీలుకు విశ్రాంతినిస్తే ప్రకృతి బాగుచేస్తుందని ఆయన బోధ. ఎముకకు సరిపడిన ఆ సూత్రాన్ని తరువాతివారు దేహమంతటికీ వర్తింపజేశారు. కాన్పయితే మంచం, శస్త్రచికిత్స అయితే మంచం, గుండెపోటు వస్తే ఆరువారాల మంచం. రోగి తనంత తాను తిని ముఖం కడుగుకొనడం కూడ శ్రమగానే లెక్కించిన రోజులున్నాయి.

తిరుగుబాటు 1947లో వచ్చింది. రిచర్డ్ ఆషర్ అనే ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మంచం పట్టడం వలన కలిగే అపాయాలను వరుసగా ఎత్తిచూపాడు. కాలిసిరలలో రక్తపుగడ్డలు, ఊపిరితిత్తులలో చేరే తెమడ, పెళుసెక్కే ఎముకలు, క్షీణించే కండరాలు, క్రుంగే మనస్సు, ఇవన్నీ రోగం వలన కాక చికిత్స వలన వస్తున్నాయని ఆయన వాదం. 1952లో అమెరికాలో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ గుండెపోటు రోగులను తొందరగా కుర్చీలో కూర్చోబెట్టే పద్ధతిని ప్రచురించారు. అప్పట్లో దానిని దుస్సాహసంగా భావించినవారు ఉన్నారు. నేడు గుండెపోటు రోగిని చాలావరకు ఒకటి రెండు రోజులలోనే నడిపిస్తున్నారు.

అయినా, మంచంపై పడుకుంటే శక్తి ఎంత తగ్గుతుంది అనే ప్రశ్నకు కొలత కావాలి కదా. ఆ కొలత 1966లో దొరికింది. అమెరికాలోని డల్లాస్ నగరంలో బెంట్ సాల్టిన్, జెరె మిచెల్, గున్నార్ బ్లోమ్‌క్విస్ట్ మొదలైన పరిశోధకులు ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులైన యువకులను ఐదుగురిని ఎంచుకున్నారు. వారిలో ఇద్దరికి క్రీడల అలవాటు ఉంది, ముగ్గురికి లేదు. వారందరిని ఇరవై రోజులు మంచంపైనే ఉంచారు, అటుపిమ్మట సుమారు ఎనిమిది వారాలు గట్టి వ్యాయామం చేయించారు. దేహం గరిష్ఠ శ్రమలో నిముషానికి ఎంత ప్రాణవాయువును వినియోగించుకోగలదన్నది దూరపు పరుగుకు ముఖ్యమైన కొలత. పడకకు ముందు వారి సగటు 3.3 లీటర్లు. ఇరవై రోజుల తరువాత అది 2.4 లీటర్లకు పడిపోయింది. అంటే నాలుగవ వంతుకు పైగా నష్టం! వారికి రోగం లేదు, జ్వరం లేదు. కేవలం పడుకొన్నారు, అంతే.

ఈ పరిశోధనకు ఉత్తరకథ కూడ ఉంది. ముప్పై ఏళ్ళ తరువాత, యాభై దాటిన ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. ముప్పై సంవత్సరాల వయోభారం తగ్గించిన సామర్థ్యం, ఇరవయ్యవ ఏట మూడు వారాల పడక తగ్గించినదానికంటె తక్కువని తేలింది. ఐదుగురిపై చేసిన పరిశీలన చిన్నదే, ఒప్పుకుంటాను. కాని అది ఆసుపత్రులలో పడకలపై మా వైద్యుల చూపును మార్చింది.

మన యువకుని ప్రశ్నకు దానిలో సగం సమాధానం ఉంది. జ్వరపడ్డవాడు పూర్తిగా మంచానికే అంటుకుపోవడానికి, పరుగు మాత్రం మాని ఇంట్లో తిరుగాడడానికి చాలా తేడా ఉంది. 1984లో ఎడ్వర్డ్ కోయిల్, ఆయన సహచరులు బాగా సాధన చేసిన క్రీడాకారులను శిక్షణ ఆపివేయించి పరిశీలించారు. వారు మంచం పట్టలేదు, మామూలు జీవితం గడిపారు. మొదటి మూడు వారాలలో వారి ప్రాణవాయు వినియోగ సామర్థ్యం సుమారు 7 శాతం తగ్గింది. ఎనిమిది వారాలకు సుమారు 16 శాతం తగ్గి అక్కడ నిలకడ పొందింది. మొదట తగ్గేది కండరం కాదు, రక్తపు పరిమాణం. రక్తంలోని ద్రవం తగ్గడంతో గుండె ప్రతి స్పందనకు పంపే రక్తం తగ్గుతుంది, ఆ లోటును పూరించడానికి నాడి వేగం పెరుగుతుంది. జ్వరం తగ్గిన తరువాత మొదటిసారి మైదానానికి వెళ్ళినవారికి ఆయాసం ముంచుకొని రావడానికి ఇది ఒక ముఖ్యకారణం. కాని తొందరగా పోయే ఈ ద్రవం తొందరగానే తిరిగి వస్తుంది. సాధన తిరిగి మొదలు పెట్టిన వారం పది రోజులలో రక్తపు పరిమాణం పుంజుకుంటుంది. కండరంలో నెలల తరబడి ఏర్పడిన సన్నని రక్తనాళాలు అంత త్వరగా మాయం కావు. కాబట్టి “ఇన్నాళ్ళ సాధన పోయినట్లేనా?” అన్న ప్రశ్నకు సమాధానం: పోలేదు. పది రోజుల విరామం మీ నెలల శ్రమను తుడిచివేయదు.

ఇక్కడ క్రీడాచరిత్రలోని కొందరు మహానుభావులను తలచుకోవాలి. చెకొస్లొవేకియాకు చెందిన ఎమిల్ జాటొపెక్ అందరికంటె ముందు గుర్తుకు వస్తాడు. 400 మీటర్ల పరుగును ఒకే రోజు నలభై సార్లు పునరావృతం చేసే కఠోర సాధకుడు ఆయన. 1950 ఆగస్టులో బ్రస్సెల్స్‌లో ఐరోపా పోటీలకు ముందు చెడిన ఆహారం తిని ఆసుపత్రి పాలయ్యాడు. ఆసుపత్రి నుండి బయటపడిన కొద్ది రోజులకే పోటీకి వెళ్ళి, 10,000 మీటర్ల పరుగును నిముషానికి పైగా తేడాతోను, 5,000 మీటర్ల పరుగును 23 సెకన్ల తేడాతోను గెలిచాడు. అతిగా శ్రమించిన దేహానికి బలవంతపు విశ్రాంతి మేలు చేసిందని శిక్షకులు ఆ తరువాత చెప్పుకొన్నారు. పోటీకి ముందు సాధనను తగ్గించాలనే నేటి పద్ధతికి ఆ కథను ఉదాహరణగా చూపుతారు. అది సగం నిజమే. జాటొపెక్‌కు మేలు చేసింది విశ్రాంతి, వాంతులు కాదు. అంత నిల్వ ఉన్న దేహం కాబట్టి తట్టుకుంది.

ఆయన కథలోనే రెండవ అధ్యాయం చదవండి. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లతో బాటు మారథాన్ కూడ గెలిచిన ఆ వీరుడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ముందు గజ్జలో గాయంతో ఆసుపత్రిలో చేరవలసివచ్చింది. ఆసుపత్రి విడిచిన వెంటనే సాధన మొదలు పెట్టాడు. కాని పూర్వపు పటుత్వం తిరిగి రాలేదు. మారథాన్‌లో ఆరవవాడుగా ముగించాడు. ఎన్నో ఏళ్ళు ఆయన వెనుక రెండవ స్థానంలో నిలిచిన ఫ్రాన్స్ దేశస్థుడు అలెన్ మిమూన్ ఆ రోజు గెలిచాడు. మనిషి అతడే, పట్టుదల అదే. వచ్చిన అనారోగ్యం వేరు, దొరికిన వ్యవధి వేరు, వయస్సు వేరు. మొదటి కథను మాత్రమే గోడలపై వ్రాసుకునే శిక్షకులు రెండవ కథను కూడ చెబితే బాగుంటుంది.

1968లో మెక్సికో నగరంలో జరిగిన 1500 మీటర్ల పరుగు నా దృష్టిలో ఇంకా గొప్ప పాఠం. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్న నగరం అది. కెన్యా దేశస్థుడు కిప్చోగె కెయినో పిత్తాశయపు వ్యాధితో తీవ్రమైన కడుపునొప్పి అనుభవిస్తూ బరిలో దిగాడు. అంతకు ముందు 10,000 మీటర్ల పరుగులో మరి రెండు చుట్లు ఉండగా నొప్పితో కుప్పకూలాడు. 5,000 మీటర్లలో రజతం గెలిచాడు. వైద్యులు వద్దన్నా 1500 మీటర్లకు వెళ్ళి 3 నిముషాల 34.9 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. ఈ సంగతి అందరూ చెబుతారు. అదే పరుగులో రెండవ స్థానం పొందిన అమెరికా యువకుడు జిమ్ రయన్ అప్పటికి ఆ దూరంలో ప్రపంచ రికార్డు కలవాడని, ఆ ఏడాది వసంతంలో మోనోన్యూక్లియోసిస్ అనే వైరస్ జ్వరంతో సాధన పోగొట్టుకొని వచ్చాడని తక్కువమంది చెబుతారు. కెయినో ఎత్తయిన ప్రదేశంలో పుట్టి పెరిగినవాడు, రయన్ కాదు. కనుక ఫలితాన్ని జబ్బుల లెక్కతోనే తేల్చలేము. కాని ఒకే గీతపై నిలబడిన ఇద్దరు అస్వస్థులలో గెలిచినవాని కథే లోకానికి మిగిలింది. జబ్బుతో పరుగెత్తి ఓడినవారి కథలు, కుప్పకూలినవారి కథలు ఎవరూ వ్రాయరు. వీరగాథలనుండి వైద్యసలహా తీసుకోకూడదని నేను అనడానికి కారణం అదే.

ఆ వ్రాయని కథలను వైద్యులు వేరే చోట్ల వెదికారు. 1940లలో ఇంగ్లండులో పోలియో చెలరేగినపుడు ఆక్స్‌ఫర్డ్ నాడీవైద్యుడు రిచీ రస్సెల్ ఒక విషయాన్ని గమనించి 1947లో ప్రకటించాడు. పోలియో మొదటి లక్షణాలు, అంటే జ్వరం, తలనొప్పి, మెడనొప్పి మొదలైన తరువాత కూడ ఆటలు, కఠినమైన పనులు కొనసాగించినవారిలో పక్షవాతం తీవ్రంగాను, ఆ దశలో పడుకొన్నవారిలో తక్కువగాను కనిపించింది. వైరస్ దేహంలో విస్తరించే వేళ శ్రమ చేస్తే నష్టం పెరుగుతుందనడానికి అది తొలి బలమైన సాక్ష్యాలలో ఒకటి.

గుండె సంగతి తరువాత తెలిసింది. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని కొక్సాకీ అనే ఊరి పేరుతో ఒక వైరస్ కుటుంబాన్ని గుర్తించారు. అవి సాధారణంగా పడిశం, గొంతునొప్పి, జ్వరం కలిగించి పోతాయి. కొందరిలో గుండె కండరానికి తాపం కలిగిస్తాయి. 1970లో గాట్‌మైటన్, అతని సహచరులు ఆ వైరస్ సోకిన ఎలుకలను బలవంతంగా ఈదించి చూశారు. ఊరక ఉన్న ఎలుకల గుండెలలో కంటె ఈదిన ఎలుకల గుండెలలో వైరస్ వందల రెట్లు వృద్ధి చెందింది. చనిపోయిన ఎలుకలూ ఎక్కువే.

“ఎలుకలు కదా” అని మీరు అనవచ్చు. స్వీడన్ దేశంలో పటం, దిక్సూచి చేతబట్టి అడవులలో పరుగెత్తే ఓరియెంటీరింగ్ అనే క్రీడ ఉంది. చాలా ఓర్పు కావలసిన పరుగు. 1979 నుండి 1992 వరకు ఆ క్రీడలో ఉన్న యువ క్రీడాకారులు పదహారుగురు ఆకస్మికంగా మరణించారు. శవపరీక్షలలో చాలామంది గుండెలలో కండర తాపపు గుర్తులు కనిపించాయి. 1992 చివర ఉన్నతస్థాయి పోటీలను కొన్ని నెలలు పూర్తిగా ఆపివేశారు. అస్వస్థతగా ఉన్నపుడు సాధన చేయవద్దని క్రీడాకారులకు గట్టిగా బోధించారు. దానితో మరణాల పరంపర ఆగింది. ఏ సూక్ష్మజీవి కారణమన్న చర్చ మాత్రం చాలాకాలం సాగింది. దేశమంతటా ఒక క్రీడ పోటీలను నిలిపివేయడానికి ఒక క్రీడాసంఘానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఇక పడిశం పట్టినా పరుగు మానాలా? అక్కరలేదు. 1993లో అమెరికా వైద్యుడు రాండీ ఐక్నర్ ఒక సులువైన కొలత చెప్పాడు. లక్షణాలు మెడకు పైన ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిపాటి గొంతు గరగర మాత్రమే ఉంటే, పది నిముషాలు నెమ్మదిగా పరుగెత్తి చూడవచ్చు. బాగుంటే కొనసాగించవచ్చు, తల బరువెక్కితే ఆపాలి. లక్షణాలు మెడకు దిగువన ఉంటే, అంటే జ్వరం, ఒళ్ళునొప్పులు, చాతీలో తెమడ, దగ్గు, వాంతులు, విరేచనాలు ఉంటే, పరుగు పనికిరాదు. 1990లలో అమెరికాలో విద్యార్థులకు పడిశపు వైరస్‌ను కావాలని సోకించి, మితమైన వ్యాయామం చేయించి చూసిన పరిశోధన కూడ దీనికి బలమిచ్చింది. వ్యాయామం వలన వారి పడిశం ముదరలేదు, ఎక్కువకాలం నిలువలేదు. కాని అది మితమైన వ్యాయామం, మామూలు పడిశం. కోవిడ్ తరువాత గుండె, ఊపిరితిత్తుల విషయంలో వైద్యులు మరింత జాగ్రత్త చెబుతున్నారు.

ఐక్నర్ చెప్పిన సూత్రం చల్లని దేశాల పడిశాలకు తగినది. మన జ్వరాలకు మరికొన్ని మాటలు కలపాలి. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికిందరాబాదులోనే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను వరిమాగాణిగా మార్చింది. ఆ నీరు అన్నం పెట్టింది, ఎవరూ కాదనలేరు. పొలాలలోను, గుంటలలోను నిలిచే నీరు చలిజ్వరపు దోమకు తావిస్తుంది. డెంగీ, చికున్‌గున్యా దోమ వేరు. అది పొలంలో కాదు, ఇంటి తొట్టిలో, కూలరులో, పారవేసిన టైరులో గ్రుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది.

డెంగీలో పరుగుబిడ్డలను మోసగించే లక్షణం ఒకటి ఉంది. దయచేసి ఈ పేరాను రెండుసార్లు చదవండి. సాధారణ జ్వరాలలో జ్వరం తగ్గితే ప్రమాదం తగ్గినట్లు. డెంగీలో మూడవ రోజునుండి ఏడవ రోజు మధ్య జ్వరం దిగే సమయమే ప్రమాద సమయం. అప్పుడే రక్తనాళాలనుండి ద్రవం బయటకు ఊరుతుంది, రక్తఫలకాలు బాగా పడిపోతాయి. “జ్వరం తగ్గింది, రేపు మైదానానికి వెళతాను” అని యువకుడు అనుకునే రోజు, సరిగా ఆ రోజే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తం, మగత ఉంటే మైదానానికి కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి. డెంగీ అనుమానం ఉన్నపుడు ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ వంటి నొప్పిమాత్రలు వాడరాదు, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, అదీ వైద్యుడు చెప్పిన మోతాదులోనే.

మలేరియాలోను, మోనోన్యూక్లియోసిస్‌లోను ప్లీహం వాస్తుంది. మన పల్లెలలో “కడుపులో బల్ల” అనేది దానినే. వాచిన ప్లీహానికి దెబ్బ తగిలితే చిట్లవచ్చు. కబడ్డీ, లాంగ్ జంప్ వంటివి వైద్యుడు కడుపు పరీక్షించి సరేనన్న తరువాతే. చికున్‌గున్యాను 2005 చివరనుండి 2006 వరకు చవిచూసిన తెలుగువారికి దాని కీళ్ళనొప్పుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. జ్వరం వారంలో పోయినా చీలమండలు, మోకాళ్ళు నెలల తరబడి పట్టేయవచ్చు. అటువంటి కీళ్ళపై బలవంతంగా పరుగెత్తితే వాపు పెరుగుతుంది. టైఫాయిడ్‌కు నేడు మంచి మందులు ఉన్నాయి. కాని మందులు పూర్తి మోతాదు ముగియకుండా, ఆకలి తిరిగి రాకుండా పరుగు మొదలు పెట్టకూడదు. కామెర్లలోనూ అంతే.

పరీక్షల చరిత్ర కూడ కొంత చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురుష అభ్యర్థులు 5 కిలోమీటర్లు 25 నిముషాలలో పరుగెత్తవలసి ఉండేది. ఆ పరుగులలో యువకులు కుప్పకూలి మరణించిన వార్తలు పత్రికలలో చదివి బాధపడని వైద్యుడు ఉండడు. తెలంగాణ ఏర్పడిన తరువాత ఆ 5 కిలోమీటర్ల పరుగును తొలగించారు. దాని స్థానంలో 800 మీటర్లు, 2022 నాటికి 1600 మీటర్లు వచ్చాయి. దూరం తగ్గింది కాబట్టి ప్రమాదం పోయిందని అనుకోకండి. 5 కిలోమీటర్లు 25 నిముషాలంటే కిలోమీటరుకు 5 నిముషాలు. 1600 మీటర్లు 7 నిముషాల 15 సెకన్లంటే కిలోమీటరుకు సుమారు నాలుగున్నర నిముషాలు. పరుగు పొట్టిదయింది, తీవ్రత పెరిగింది. గుండె కండరంలో తాపం ఉన్నవానికి ఈ తీవ్రతే ప్రమాదం. 2022 నియామకాలలో గర్భవతులైన అభ్యర్థినులకు పరుగును తరువాతికి వాయిదా వేసుకునే వెసులుబాటు ఇచ్చారు. అది మెచ్చదగిన నిర్ణయం. వైద్యుని ధ్రువీకరణతో జ్వరపడినవారికి కూడ అటువంటి వెసులుబాటు ఎంత ఉదారంగా ఉంటే అన్ని ప్రాణాలు నిలుస్తాయి.

ఒక అలవాటును గూర్చి కఠినంగానే వ్రాస్తాను. పరుగుకు ముందురోజు నీరసం పోతుందని సెలైన్ ఎక్కించుకొనడం, “బలానికి” సూది వేయించుకొనడం మన ఊళ్ళలో ఉంది. ఒక సీసా సెలైన్‌లో ఉండేది ఉప్పునీరు. నోటితో త్రాగగలిగినవానికి మజ్జిగలో ఉప్పు వేసి త్రాగితే వచ్చే మేలే అది. ఆ సూదిలో ఒక్కొక్కప్పుడు స్టెరాయిడ్ ఉంటుంది. అది జ్వరాన్ని అణచి, ఆకలిని, హుషారును కలిగించి, బాగుపడ్డానన్న భ్రమ పుట్టిస్తుంది. లోపల రోగం సాగుతూనే ఉంటుంది. నొప్పిమాత్ర వేసుకొని, నీరు చాలకుండా, ఎండలో పరుగెత్తితే మూత్రపిండాలు దెబ్బ తినవచ్చు. సూదిలో ఏముందో పేరు చెప్పని వారివద్ద సూది వేయించుకోకండి.

ఇక రెండవ ప్రశ్న, ఎన్నటినుండి పరుగెత్తవచ్చు? మందు వేసుకోకుండా జ్వరం లేని రెండు మూడు రోజులు గడవాలి. డెంగీ అయితే రక్తఫలకాలు తిరిగి పెరిగి, వైద్యుడు సరేననాలి. ఉదయం మంచం దిగకముందు నాడిని ఒక నిముషం లెక్కించండి. జబ్బుకు ముందున్న అంకెకంటె పది ఎక్కువగా ఉన్నంతకాలం దేహం ఇంకా కోలుకోలేదని అర్థం. మొదటి రోజులలో ఇరవై నిముషాల నడక చాలు. మరునాడు నీరసం పెరగకపోతే నడకలో మధ్య మధ్య నెమ్మది పరుగు కలపండి. సుమారుగా ఎన్నాళ్ళు జబ్బుపడ్డారో అన్నాళ్ళు నెమ్మది సాధనకు కేటాయించండి, ఆ తరువాతే వేగపు పరుగులు. పోయిన రోజుల లెక్కను రెట్టింపు సాధనతో పూరించే ప్రయత్నం వద్దు. పప్పు, గ్రుడ్డు, పాలు, పెరుగు, పల్లీలు పుష్కలంగా తినండి, రాత్రి ఎనిమిది గంటలు నిద్రపొండి. పరుగులో చాతీనొప్పి, గుండె దడ, కళ్ళు తిరగడం, తగ్గని ఆయాసం కనిపిస్తే వెంటనే ఆపి, ఇ.సి.జి., అవసరమయితే ఎకో తీయించుకోవాలి. 2019 నుండి సూర్యాపేటలోను, నల్లగొండలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. గుండె కండర తాపం నిర్ధారణ అయితే మూడు నుండి ఆరు నెలలు పోటీ పరుగులు మానవలసిందే. ఆ ఏడాది ఉద్యోగం పోవచ్చు. ఆ మాట అభ్యర్థికి, అతని తల్లిదండ్రులకు చెప్పడం వైద్యునికి కష్టమే, అయినా చెప్పి తీరాలి.

కోలుకొని, సాధన కొంత తరిగిన దేహంతో పరీక్షకు వెళుతున్నవారికి ఒక లెక్క చెబుతాను. 1600 మీటర్లంటే 400 మీటర్ల బాటపై నాలుగు చుట్లు. 7 నిముషాల 15 సెకన్లను నాలుగుతో భాగిస్తే చుట్టుకు దాదాపు 1 నిముషం 48 సెకన్లు. ఇది గెలవవలసిన పందెం కాదు, దాటవలసిన గీత మాత్రమే. గుంపుతో బాటు మొదటి చుట్టు 1 నిముషం 25 సెకన్లలో పరుగెత్తినవానికి మూడవ చుట్టులో కాళ్ళు కదలవు. పక్కవారు ముందుకు పోతున్నా మొదటి చుట్టును 1 నిముషం 45 సెకన్లకు దగ్గరగా ఉంచుకోండి. రెండవది, మూడవది అదే వేగం. నాలుగవ చుట్టులో చివరి 200 మీటర్లకు ఊపిరి అందుతూ ఉంటే అప్పుడు వేగం పెంచండి.